ఎంజైమ్ లాజిక్ గేట్లలో నాయిస్: తుడవడం కాదు, వక్రాన్ని వంచాలి

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీరు మూడు ఎంజైమ్ ఆండ్ గేట్లు కట్టారు. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చక్కగా పనిచేస్తోంది: రెండు ఇన్‌పుట్‌లూ ఉంటేనే సిగ్నల్ వస్తోంది, ఒక్కటి లేకపోయినా రావట్లేదు. మూడింటినీ వరసగా కలిపేసరికి 0 ఏదో 1 ఏదో తెలియకుండా పోతోంది. పిపెట్లు మార్చారు, ఇంకా శుద్ధమైన ఎంజైమ్ తెప్పించారు, ఒక్కో రీడింగూ అయిదేసి సార్లు తీసి సగటు కట్టారు. కొంచెం మెరుగుపడింది కానీ సరిపోలేదు. ఇంకా ఏం శుభ్రం చెయ్యాలని అడిగారు.

శుభ్రం చెయ్యాల్సింది పెద్దగా ఏమీ మిగల్లేదనే నా అభిప్రాయం. మీ గేట్లు నాయిస్‌ని, అంటే సిగ్నల్‌లో కోరని హెచ్చుతగ్గుల్ని, పుట్టించడం కంటే, లోపలికి వచ్చిన నాయిస్‌ని పెంచి బయటికి పంపడం ఎక్కువ చేస్తున్నాయి. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మొదటిదానికి మంచి పిపెట్ మందు. రెండోదానికి మందు గేటు స్పందన ఆకారంలోనే ఉంది.

సిలికాన్ గేట్లకి నాయిస్ లేక కాదు అవి లక్షల వరసల్లో పనిచేసేది. ఒక మామూలు ఇన్వర్టర్, అంటే 0ని 1గా, 1ని 0గా తిప్పే గేటు, తీసుకోండి. ఇన్‌పుట్ వోల్టేజీకి అవుట్‌పుట్ గీస్తే రెండు చివర్లా చదునుగా, మధ్యలో నిటారుగా ఉంటుంది. ఇన్‌పుట్ 0 దగ్గర కాస్త అటూ ఇటూ ఊగినా అవుట్‌పుట్ కదలదు. ప్రతి గేటూ తనకి వచ్చిన సిగ్నల్‌ని సరిదిద్ది పంపుతుంది కాబట్టి ఎన్ని గేట్లు దాటినా తప్పు పోగుపడదు. మన రసాయన గేట్లలో ఈ చదును దానంతట అది రాదు. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) గాఢతని బట్టి ఎంజైమ్ వేగం ఎలా మారుతుందో చూపే మైకెలిస్–మెంటెన్ వక్రం అందుకు సరిగ్గా వ్యతిరేకం. దాని వాలు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది సున్నా దగ్గరే, అంటే మనకి ఏ కదలికా వద్దనుకునే చోటే. అవుట్‌పుట్ పది శాతం నుంచి తొంభై శాతానికి వెళ్ళాలంటే ఈ వక్రంలో ఇన్‌పుట్ 81 రెట్లు పెరగాలి. స్విచ్ లాంటి ప్రవర్తన దాన్నుంచి ఆశించలేం.

ఇక అంకెల్లోకి వద్దాం, మీ మూడు గేట్ల కథ అక్కడే తేలుతుంది. రెండు ఇన్‌పుట్‌లనీ, అవుట్‌పుట్‌నీ 0 నుంచి 1 వరకూ స్కేలు చెయ్యండి. గేటు అంటే ఇప్పుడు ఒక చదరం మీద పరిచిన ఉపరితలం. దాని నాలుగు మూలలే మన నాలుగు లాజిక్ స్థితులు. ఒక్కో మూల దగ్గర ఆ ఉపరితలం వాలు ఎంతో, చిన్న నాయిస్ అన్ని రెట్లవుతుంది. నాలుగు మూలల్లోకీ ఎక్కువ వాలు ఏదైతే అదే ఆ గేటు పెంపు గుణకం. ఈ పద్ధతిని ఎంజైమ్ గేట్ల మీద ఓపికగా ప్రయోగించి చూపించినవాళ్ళు అమెరికాలోని క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయంలో యెవ్‌గెనీ కాట్జ్, వ్లాదిమిర్ ప్రివ్‌మన్‌లు. 1993లో రసాయన శాస్త్రవేత్త డి సిల్వా బృందం సోడియం అయాన్లు, హైడ్రోజన్ అయాన్లు ఇన్‌పుట్‌లుగా, ఫ్లోరసెన్స్ అవుట్‌పుట్‌గా అణుస్థాయి ఆండ్ గేటు చూపించాక చాలా ఏళ్ళు అందరి దృష్టీ కొత్త కొత్త గేట్లు కట్టడం మీదే ఉండేది. ఒకదానికొకటి కలిపితే ఏమవుతుందనే లెక్క ఆలస్యంగా మొదలైంది.

అవుట్‌పుట్ రెండు ఇన్‌పుట్‌ల లబ్ధం అనుకోండి. (0,0) దగ్గర వాలు సున్నా, (0,1), (1,0) దగ్గర 1, (1,1) దగ్గర 1.41. ఇంకొంచెం వాస్తవంగా, రెండు ఇన్‌పుట్‌లకీ మైకెలిస్–మెంటెన్ సంతృప్తత ఉందనుకుందాం. కేఎమ్ (ఎంజైమ్ తన గరిష్ఠ వేగంలో సగం అందుకునే గాఢత) విలువని లాజిక్ 1 గాఢతతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని 'క' అందాం. (1,0) దగ్గర వాలు 1 + 1/క అవుతుంది. (1,1) దగ్గర 1.41 × క/(1+క) అవుతుంది. ఇక్కడే చాలామంది పడిపోయే గొయ్యి ఉంది. 1 బలంగా కనిపించాలని సబ్‌స్ట్రేట్‌ని దండిగా పోస్తారు, కేఎమ్‌కి నాలుగు రెట్లు అనుకోండి. అప్పుడు క = 0.25, వాలు 5. మొదటి గేటు ఇన్‌పుట్‌లో ఉన్న 2 శాతం నాయిస్ దాని అవుట్‌పుట్‌లో 10 శాతం, రెండో గేటు తర్వాత 50 శాతం. మూడో గేటు దాకా వెళ్ళనక్కర్లేదు, 0, 1 అప్పటికే కలిసిపోయాయి. మీరు పంపిన గాఢతలు చూస్తే మీ రెండో గేటు అచ్చం ఇలాగే ఉందని నా అనుమానం.

రెండు వాలులూ సమానమయ్యేలా 'క'ని ఎంచుకుంటే ఈ కుటుంబంలో దొరికే అత్యుత్తమ గుణకం 1.19. దానికి క సుమారు 5.3 ఉండాలి, అంటే లాజిక్ 1 గాఢత కేఎమ్‌లో అయిదో వంతు. దండిగా పోయడానికి పూర్తి విరుద్ధం! గాఢతలు మార్చడం ఒక్కదానితో, కొత్త రసాయనం ఏదీ కలపకుండా, 5 నుంచి 1.19కి రావచ్చు. పది గేట్లు దాటితే 1.19 కాస్తా 5.7 అవుతుంది. క్లార్క్‌సన్ బృందం 2009లో మీలాగే మూడు ఆండ్ గేట్ల వరసని పరిశీలించి, ఇలా సర్దుబాటు చేసుకుంటే ఫిల్టర్ (నాయిస్‌ని వడగట్టే అదనపు చర్య) లేకుండా పది గేట్ల దాకా లాగొచ్చని తేల్చింది. కాబట్టి మీకు మూడే గేట్లు చాలనుకుంటే ఇక్కడితో ఆగిపోవచ్చు. ఇంకో మధ్యేమార్గం కూడా ఉంది. రెండు సబ్‌స్ట్రేట్‌లు ఒకటికి ఒకటిగా కలిసే చర్యని చివరిదాకా నడవనిస్తే, అవుట్‌పుట్ రెండింట్లో తక్కువున్నదానికి సమానమవుతుంది. అప్పుడు గుణకం 1 దగ్గరికి వస్తుంది. నాయిస్ పెరగదు, కానీ తగ్గదు కూడా.

తగ్గాలంటే మూలల దగ్గర వాలు 1 కంటే తక్కువ ఉండాలి. అంటే సిగ్మాయిడ్ వక్రం, ఇంగ్లీషు S ఆకారంలో ఉండేది, కావాలి. నాకు ఈ రంగంలో ఎంతో ఇష్టమైన భాగం ఇది, కొంచెం నిదానంగా చెబుతాను.

హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ తీసుకోండి. ఇన్‌పుట్ హైడ్రోజన్ పెరాక్సైడ్, రంగునిచ్చేది ఏబీటీఎస్. ఒక పెరాక్సైడ్ అణువు రెండు ఏబీటీఎస్ అణువుల్ని ఆకుపచ్చ రాడికల్‌గా మారుస్తుంది. ఇందులో కాస్త ఆస్కార్బేట్, అంటే విటమిన్ సి, కలపండి. పుట్టిన ఆకుపచ్చ రాడికల్‌ని అది వెంటనే మళ్ళీ రంగులేని రూపానికి తెచ్చేస్తుంది. ఒక ఆస్కార్బేట్ రెండు రాడికల్స్‌ని ఆర్పుతుంది కాబట్టి లెక్కకి ఒక ఆస్కార్బేట్ ఒక పెరాక్సైడ్‌కి చెల్లు. ఆస్కార్బేట్ అయిపోయేదాకా రంగు కనపడదు, అయిపోయాకే మొదలవుతుంది. మూత్రంలో చక్కెర చూసే స్ట్రిప్పులు విటమిన్ సి ఎక్కువుంటే తప్పుగా 'లేదు' అని చూపించేది సరిగ్గా ఈ రకం చర్య వల్లే. అక్కడ అది లోపం. ఇక్కడ మనం కోరి తెచ్చుకునే గుణం. క్లార్క్‌సన్ బృందం 2010లో పెరాక్సిడేజ్‌కి ఆస్కార్బేట్ జోడించి, ఎప్పుడూ వంగిపోయే వక్రాన్ని సిగ్మాయిడ్‌గా మార్చి చూపించింది.

ఇప్పుడు కొలతలు. లాజిక్ 1ని 50 మైక్రోమోలార్ పెరాక్సైడ్ అనుకోండి. ఆస్కార్బేట్ 15 మైక్రోమోలార్ వేశారు. 0 దగ్గర 5 మైక్రోమోలార్ పెరాక్సైడ్ పొరపాటున లీకైనా అవుట్‌పుట్ సున్నాయే. ఇంతవరకూ చాలామంది చేస్తారు, చేసి ఇక్కడే ఆగిపోతారు. అది సగం పనే. 1 వైపు చూడండి. 50లో 15 పోగా 35 మిగిలింది. అది 30కి 40కి మధ్య ఊగితే, అంటే ఇన్‌పుట్ పది శాతం అటూ ఇటూ అయి 45 నుంచి 55 దాకా మారితే, అవుట్‌పుట్ మార్పు 35 మీద 5, అంటే 14 శాతం. 0ని బాగుచెయ్యబోయి 1ని పాడుచేశాం. పైనుంచి కూడా ఒక మూత కావాలి.

ఆ మూత ఏబీటీఎస్‌నే తక్కువగా వెయ్యడం. 40 మైక్రోమోలార్ మాత్రమే వేస్తే 20 మైక్రోమోలార్ పెరాక్సైడ్‌కే అది ఖర్చయిపోతుంది. కాబట్టి ఇన్‌పుట్ 15 దాకా సున్నా, 15 నుంచి 35 దాకా నిటారు, 35 దాటితే మళ్ళీ చదును. 420 నానోమీటర్ల దగ్గర ఈ రాడికల్ మోలార్ శోషణ గుణకం సుమారు 36,000, కాబట్టి ఒక సెంటీమీటర్ క్యువెట్‌లో పైకప్పు 1.44 అబ్జార్బెన్స్ దగ్గర ఉంటుంది. ఇన్‌పుట్ 45 అయినా 55 అయినా అదే 1.44. నిజంగా చేసినప్పుడు మూలలు ఇంత పదునుగా రావు. ఏబీటీఎస్ అయిపోవస్తున్నకొద్దీ చర్య మందగిస్తుంది కాబట్టి పై మూల గుండ్రంగా వస్తుంది. అయినా వాలు 1 కంటే బాగా కిందే ఉంటుంది, మనకి కావాల్సింది అంతే.

ఫిల్టర్ విషయంలో తరచూ చూసే తప్పు ఒకటి చెప్పాలి. పెరాక్సైడ్‌ని తినేది కాబట్టి కాటలేజ్ కలిపితే చాలదా అని అడుగుతుంటారు. చాలదు. ఈ గాఢతల్లో కాటలేజ్ ఉన్న పెరాక్సైడ్‌లో ఒక వంతుని తింటుంది, అది 5 అయినా 50 అయినా అదే వంతు. వక్రం మొత్తంగా కుంచించుకుపోతుంది, వంగదు. ఫిల్టర్‌గా పనికొచ్చేది రెండు రకాలే: ఆస్కార్బేట్ లాగా పరిమితంగా ఉండి అయిపోయేది, లేదా చాలా తక్కువ కేఎమ్‌తో ఎప్పుడూ తన గరిష్ఠ వేగంతోనే నడుస్తూ, అంతకంటే వేగంగా ఉత్పత్తి అయితేనే మిగలనిచ్చేది. రెండూ కాకపోతే అది సిగ్నల్‌ని తగ్గించడమే తప్ప వడపోత కాదు.

మీ మధ్య గేట్లకి రంగు పనికిరాదు, అవుట్‌పుట్ తర్వాతి గేటుకి ఇన్‌పుట్ కావాలి కదా. మీ మొదటి గేటులో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, ఎన్‌ఏడీ (ఎంజైమ్‌లకి తోడుండే సహాయక అణువు) ఇన్‌పుట్‌లు, దాని క్షయకరణ రూపం ఎన్‌ఏడీహెచ్ అవుట్‌పుట్ అన్నారు. దానికి లాక్టేట్ డీహైడ్రోజనేజ్ అనే ఎంజైమ్ పుష్కలంగా, పైరువేట్ కొలిచి కొంచెంగా వెయ్యండి. పైరువేట్ ఎంత ఉందో అంత ఎన్‌ఏడీహెచ్‌ని అది మింగేస్తుంది. కానీ ఒక చిక్కుంది. మింగిన ఎన్‌ఏడీహెచ్ మళ్ళీ ఎన్‌ఏడీగా తిరిగొస్తుంది, తిరిగొచ్చి మళ్ళీ చర్యలోకి దిగుతుంది. చర్యని చివరిదాకా నడవనిస్తే పైరువేట్ కోత మొత్తం గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఖాతాలోనే పడుతుంది, ఎన్‌ఏడీ వైపు ఏ వడపోతా జరగదు. ఒక ఇన్‌పుట్‌కి సిగ్మాయిడ్ వచ్చి ఇంకోదానికి రాకపోతే కారణం ఇదే. కాగితం మీద సమీకరణాలు రాసుకుని, ఫిల్టర్ తిన్నది ఎక్కడికి వెళ్తోందో ప్రతిసారీ వెతకండి.

ఫిల్టర్ ఎక్కడ పెట్టాలి? నా సలహా, ముందు అవుట్‌పుట్ దగ్గర. గేటు వాలుని ఫిల్టర్ వాలుతో గుణిస్తే మొత్తం వాలు వస్తుంది కాబట్టి, అవుట్‌పుట్ మీద ఒక్క ఫిల్టర్ నాలుగు మూలల్నీ ఒకేసారి చదును చేస్తుంది. లాజిక్ 0 అంటే నిజమైన సున్నా కానప్పుడు మాత్రం రెండు ఇన్‌పుట్‌లకీ సిగ్మాయిడ్ కావాలి. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైమ్‌లనే ఇన్‌పుట్‌లుగా తీసుకుంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ అవి కొంత ఉంటాయి. ఆ మామూలు స్థాయే అక్కడ 0. 2012లో అదే బృందం అలాంటి ఇన్‌పుట్‌ల మీద రెండు వైపులా సిగ్మాయిడ్ వచ్చే ఆండ్ గేటు చేసింది.

ఇతర దారులు కొన్ని క్లుప్తంగా. అవుట్‌పుట్ పీహెచ్ అయితే బఫరే ఫిల్టర్. గ్లూకోజ్ ఆక్సిడేజ్ చేసే గ్లూకోనిక్ ఆమ్లాన్ని బఫర్ కొంతదాకా కడుపులో పెట్టుకుంటుంది, దాని శక్తి అయిపోయాక పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. ఇది చవకైన, అందమైన ఉపాయం, కానీ పీహెచ్ మారితే మీ ఎంజైమ్‌లన్నీ మారతాయి, కాబట్టి వరసలో చివరి గేటుకే వాడండి. అలోస్టెరిక్ ఎంజైమ్ (ఒకచోట అణువు అంటుకుంటే ఇంకోచోట పనితీరు మారేది) దొరికితే సిగ్మాయిడ్ ఉచితంగా వస్తుంది, కాకపోతే మీకు కావాల్సిన గాఢత దగ్గర దొరకడం అరుదు. ఒకటి చేసినదాన్ని ఇంకోటి తిరగేసే రెండు ఎదురెదురు ఎంజైమ్‌లు రెండూ సంతృప్త స్థితిలో పనిచేస్తే చాలా పదునైన స్విచ్ వస్తుందని గోల్డ్‌బీటర్, కోష్‌లాండ్ 1981లోనే చూపించారు.

డీఎన్ఏ గేట్లవాళ్ళ పని తప్పకుండా చూడండి, ఆలోచన మనదే. 2011లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో చియన్, విన్‌ఫ్రీ నాలుగు బిట్ల సంఖ్యకి వర్గమూలం కట్టే సర్క్యూట్‌ని 130 డీఎన్ఏ పోగులతో నడిపించారు. అంత పెద్దది నడవడానికి కారణం, సిగ్నల్‌ని మొదట తినేసే థ్రెషోల్డ్ పోగులు, మిగిలినదాన్ని పూర్తి 1కి పెంచే ఉత్ప్రేరక చర్య. ఆస్కార్బేట్ చేసే పనీ, ఏబీటీఎస్ పరిమితి చేసే పనీ అక్కడ డీఎన్ఏతో జరుగుతున్నాయి. థ్రెషోల్డ్ ముందు తినాలంటే అది గేటు కంటే వేగంగా ఉండాలి, అందుకే దాని టోహోల్డ్ (వచ్చే పోగు మొదట అతుక్కునే చిన్న ముక్క) పొడవు పెంచారు. ఈ వేగం షరతు ఎంజైమ్‌లకీ వర్తిస్తుంది. ఫిల్టర్ చర్య గేటు చర్య కంటే కనీసం పది రెట్లు వేగంగా లేకపోతే రెండూ పోటీపడి పాత వంకర వక్రమే వస్తుంది.

ఖర్చు ఏమిటంటే సిగ్నల్ తగ్గుతుంది. పై ఉదాహరణలో 50లో 20 మాత్రమే వాడుకున్నాం. మీ పరికరం నాయిస్, గేటు స్వంత నాయిస్ తగ్గవు కాబట్టి వాటి వాటా పెరుగుతుంది. అయితే గుణకం 0.5 ఉన్న గేట్లని ఎన్ని వరసగా పెట్టినా, నాయిస్ ఒక్క గేటు పుట్టించేదాని కంటే 15 శాతం ఎక్కువ దగ్గర స్థిరపడిపోతుంది, ఇక పెరగదు. ఆ బేరం నాకు ఎప్పుడూ లాభంగానే కనపడింది. ఆ తర్వాత మిగిలేది, అరుదుగా ఒక సిగ్నల్ మధ్య గీత దాటి పూర్తిగా తిరగబడే తప్పు. దానికి వక్రం ఏమీ చెయ్యలేదు, ఒకే గేటుని మూడు ప్రతులు పెట్టి మెజారిటీ చూడాలి. గణిత శాస్త్రవేత్త వాన్ నాయ్‌మన్ 1956లో నమ్మలేని భాగాలతో నమ్మదగిన యంత్రం కట్టడం గురించి చెప్పిన దారి అది. మీ మూడు గేట్లకి అంత అవసరం రాదు.

ఆస్కార్బేట్ గురించి ఒక హెచ్చరిక. మేము మొదటిసారి చేసినప్పుడు సిగ్మాయిడ్ ఉదయం వచ్చేది, సాయంత్రానికి మాయమయ్యేది. రెండు వారాలు ఎంజైమ్‌ని అనుమానించాం. చివరికి చూస్తే పొద్దున్న కలిపిపెట్టిన ఆస్కార్బేట్ ద్రావణం గాలికి, నీటిలో ఉన్న రాగి ఆనవాళ్ళకి ఆక్సీకరణ చెంది, 15 ఉండాల్సింది 4కి పడిపోయింది. అప్పట్నుంచి ప్రతి పరుగుకీ ముందు తాజాగా కలుపుతాం. పెరాక్సైడ్ గాఢతని కూడా సీసా మీది అంకెని నమ్మకుండా 240 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం, అక్కడ మోలార్ శోషణ గుణకం 43.6. ఫిల్టర్ ఉన్న గేటులో థ్రెషోల్డే ఆయువుపట్టు, అది జారితే అంతా జారుతుంది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. నాలుగు మూలలే కొలవడం ఆపండి. వాలు తెలియాలంటే మూలల చుట్టూ బిందువులు కావాలి. ఒక్కో ఇన్‌పుట్‌కి 0, 0.1, 0.25, 0.5, 0.9, 1 విలువలతో మొత్తం 36 గుంటలు, ఒక 96 గుంటల ప్లేటులో రెండు ప్రతులు హాయిగా పడతాయి. ముందు ఫిల్టర్ లేకుండా రెండో గేటుతో మొదలుపెట్టి, లాజిక్ 1 గాఢతని కేఎమ్‌లో అయిదో వంతుకి దించి మళ్ళీ కొలవండి. (1,0) పక్కన 0.1 దగ్గరి రీడింగు, (1,1) పక్కన 0.9 దగ్గరి రీడింగు నాకు పంపండి. పైరువేట్ ఎంత వెయ్యాలో ఆ రెండు అంకెల్ని బట్టి లెక్కేసి చెబుతాను.